మా రోడ్ల మీది వడ్లు ‘ఎడ్జ్ కేస్’ కాదు

ఇవాళ పొద్దున నా పీహెచ్‌డీ రివ్యూ అయింది. డ్రైవర్ లేని బండి బ్రేకింగ్ మీద నాలుగేళ్ల పని. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటే బండి ఏం చేస్తుందో కంప్యూటర్‌లో చూపే సిమ్యులేషన్ స్లైడ్ దగ్గరికి రాగానే కమిటీలో ఒక సారు ఆపేశారు. "ఇది ఎడ్జ్ కేస్ అమ్మా, తీసెయ్. ప్రపంచంలో ఎవరికి కావాలి ఇది?" అన్నారు. హాస్టల్‌కి వచ్చి నాలుగు గంటలైంది, ఇంకా చేతులు వణుకుతున్నాయి.

ఎడ్జ్ కేస్ అంటే ఎప్పుడో ఒకసారి ఎదురయ్యేది. మా నల్గొండ జిల్లాలో హాలియా నుంచి నిడమనూరు వైపు ఇప్పుడు, ఈ యాసంగి కోతల్లో వచ్చి చూడండి. నవంబర్‌లో మళ్లీ రండి. సాగర్ ఎడమ కాలువ కింద మాకు ఇది ఏటా రెండుసార్లు. మా అమ్మ అదే రోడ్డు మీద కాలితో వడ్లు తిరగేస్తుంటే నేను బడికి పోయాను.

అక్కడ బ్రేక్ వేస్తే ఏమవుతుందో తెలుసా? ఎడమ చక్రాలు వడ్ల మీద, కుడి చక్రాలు తారు మీద. పట్టు కుడివైపే ఉంటుంది కాబట్టి బండి కుడికి, ఎదురొచ్చే లారీ మీదికి తిరుగుతుంది. ఇక ఆగే దూరం సంగతి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఘర్షణ గుణకం, అంటే రోడ్డు మీద టైరుకు దొరికే పట్టు, 0.8 ఉంటే బ్రేకు పడ్డాక 18 మీటర్లలో ఆగే బండి, అది 0.3కి పడిపోతే 47 మీటర్లు పోతుంది. కంకర, ఇసుక లాంటి వదులు పొర మీద ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకు ఏర్పాటు) ఉన్నా ఆగే దూరం పెరుగుతుంది. బండికి బండికి మధ్య ఎంత దూరం ఉండాలో లెక్కగట్టే సూత్రాలు చాలావరకు బ్రేకు ఇంత బలంగా పడుతుందన్న అంచనా మీదే నిలబడి ఉన్నాయి. ఆ అంచనా తప్పితే లెక్క మొత్తం తప్పే. రాత్రయితే కుప్ప మీద నల్ల పరదా కప్పుతారు, లేజర్ కాంతి వేసి ఎదురున్నవాటిని కనిపెట్టే లైడార్ సెన్సార్‌కు కూడా నలుపు ఆ కాంతిని తక్కువే వెనక్కి పంపుతుంది.

ముందుగా ఊహించని దాని వల్ల ఏం జరుగుతుందో 2018 మార్చిలో అమెరికాలోని టెంపే పట్టణం చూసింది. సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక ఆడమనిషిని తనంతట తానే నడిచే ఉబర్ టెస్ట్ కారు గుద్ది చంపేసింది. సెన్సార్లు ఆమెను 5.6 సెకన్ల ముందే పట్టుకున్నాయి. కానీ జీబ్రా గీతలు లేనిచోట మనిషి రోడ్డు దాటుతుందని ఆ సాఫ్ట్‌వేర్‌లో ఎవరూ రాయలేదు. మా ఊళ్లలో జీబ్రా గీతలు ఎక్కడున్నాయి సారూ?

మన దగ్గర ఎవరూ పట్టించుకోలేదని అనను. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ వాళ్లు 2018లో విడుదల చేసిన ఇండియా డ్రైవింగ్ డేటాసెట్‌లో, అంటే ఇలాంటి బండ్లకు మన రోడ్లను నేర్పే ఫొటోల గుట్టలో, ఆటోకి వేరే వర్గమే పెట్టారు. ఆ ఫొటోలు హైదరాబాద్, బెంగళూరు, వాటి శివార్ల రోడ్లవి. మా పల్లె రోడ్డు ఎప్పుడు వస్తుంది?

అసలు నాకు వడ్ల మీద ఇంత పట్టుదల ఎందుకంటే మా బావ. ఐదేళ్ల కింద రాత్రిపూట బైకు వడ్ల మీద జారి పడ్డాడు, మెడ ఎముక విరిగింది. పోలీసుల కాగితంలో ‘అతివేగం’ అని రాశారు. బావది అతివేగం కాదు, నేను వెనక కూర్చున్నాను, నాకు తెలుసు. ఆ వడ్లు పోసిన రైతును కూడా కేసు పెడతామని బెదిరించారు. ఆయన మాత్రం ఎక్కడ పోస్తాడు? తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో కాంటా వేయరు. ఊళ్లో కల్లం లేదు, ఉన్న జాగా ప్లాట్లయింది. ఎండకు కాలే రోడ్డు ఒక్కటే మిగిలింది. పడ్డవాడిదీ తప్పే, పోసినవాడిదీ తప్పే. కల్లం కట్టించనివాళ్లను మాత్రం ఎవరూ ఏమీ అడగరు. ఏటా ఇదే గోస.

ఆ స్లైడ్ నేను తీయను. కందిలో ఐఐటీ హైదరాబాద్ దగ్గర డ్రైవర్ లేని బండ్ల కోసం టెస్ట్ ట్రాక్ ఉంది. అక్కడ సగం ట్రాక్ మీద వడ్లు పోసి బ్రేక్ వేసి చూడాలని మా గైడ్ సారుకు రేపే రాసిస్తాను. పది బస్తాలు మా ఇంటి నుంచి నేనే తెస్తా. కోతలు అయిపోకముందే అనుమతి ఇప్పించండి, అంతే.