అల్లం బిళ్ళా, సూట్‌కేసూ, మా బావగారి ఫార్వర్డూ

ఈ మెసేజ్ ఇప్పటికి నాకు పదకొండుసార్లు వచ్చింది. ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపులో ఆరుసార్లు, పిల్లల తెలుగు బడి గ్రూపులో ఒకసారి, మిగతా నాలుగూ మా బావగారి చలవ. పెద్దాయన కదా అని మొదటి రెండుసార్లు బొటనవేలు బొమ్మ పెట్టాను. అది నేను చేసిన తప్పు. మెచ్చుకున్నాననుకుని ఇంకో రెండుసార్లు పంపారు.

'అమెరికా రాజకీయాల్లో ఎవరూ చెప్పని ఐదు నిజాలు' అని దాని పేరు. సారాంశం ఇది. ఒకటి, రిపబ్లికన్లు ఎప్పుడూ ఒక్క మాట మీద ఉంటారు, డెమొక్రాట్లు తమలో తాము కొట్టుకుని ఓడిపోతారు. రెండు, అక్కడి మీడియా మొత్తం డెమొక్రాట్ల జేబులో ఉంది. మూడు, అక్కడ ప్రతి చానెలూ రెండు పక్షాల వాదనా చూపించాలని చట్టం ఉంది. నాలుగు, అబద్ధమాడి దొరికిన నాయకుడు మాజీ అధ్యక్షుడు నిక్సన్‌లా తనంతట తానే తప్పుకుంటాడు. ఐదు, ట్రంప్‌ మీద బైడెన్ గెలిచిన 2020 అధ్యక్ష ఎన్నికల్లో, జార్జియా రాష్ట్రం అట్లాంటాలో సూట్‌కేసుల్లో దొంగ ఓట్లు తెచ్చి కలిపారు, కింద వీడియో చూడండి.

రెండూ మూడూ ఒకే మెసేజ్‌లో ఎలా ఇముడుతాయని రాసినవాడిని అడగాలి. మూడోది తేల్చడం తేలిక. అది చట్టసభ చేసిన చట్టం కాదు, రేడియో, టీవీలని చూసుకునే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ పెట్టిన నిబంధన. 1987లో ఎత్తేశారు. ఉన్న రోజుల్లో కూడా కేబుల్ చానెళ్లకి వర్తించలేదు. అయిపోయింది.

నిక్సన్ తనంతట తాను తప్పుకోలేదు. వాటర్‌గేట్ భవనంలో ప్రత్యర్థి డెమొక్రాట్ల ఆఫీసులో చొరబడ్డ దొంగలు 1972 జూన్‌లో దొరికారు, ఆయన దిగింది 1974 ఆగస్టులో. మధ్యలో రెండేళ్లు కుర్చీ పట్టుకునే కూర్చున్నాడు. వైట్‌హౌస్‌లో ఆయన మాటలు రికార్డయిన టేపులు ఇవ్వక తప్పదని సుప్రీంకోర్టు చెప్పింది. టేపులు బయటికొచ్చాక ఆయన సొంత రిపబ్లికన్ పార్టీ పెద్దలు, సెనేటర్ బారీ గోల్డ్‌వాటర్‌తో సహా ముగ్గురు, వైట్‌హౌస్‌కి వెళ్లి, సెనేట్‌లో మీకు ఓట్లు లేవు అని మొహం మీదే చెప్పారు. ఆ మర్నాడు రాజీనామా ప్రకటించాడు. అంటే పార్టీ ఐకమత్యం చెడింది కాబట్టే అబద్ధం ఓడింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఇక ఒకటో పాయింటులోని ఐకమత్యం. 2023 జనవరిలో తమ నాయకుడు కెవిన్ మెకార్తీని ప్రతినిధుల సభకి స్పీకర్‌ని చేసుకోవడానికి రిపబ్లికన్లకి పదిహేను విడతల ఓటింగ్ పట్టింది. అదే ఏడాది అక్టోబర్‌లో వాళ్లలోనే ఎనిమిది మంది డెమొక్రాట్లతో కలిసి ఆయన్ని దించేశారు. మరి డెమొక్రాట్లు? 2020 మార్చిలో సూపర్ ట్యూస్‌డేకి (చాలా రాష్ట్రాలు ఒకేరోజు పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలు జరిపే రోజు) ముందు, పోటీలో ఉన్న బూటజెజ్, క్లోబుచర్ ఇద్దరూ తప్పుకుని రెండు రోజుల్లో బైడెన్ వెనక చేరారు. 2024 జూలై 21న బైడెన్ తప్పుకుంటే, మర్నాటి రాత్రికే ఉపాధ్యక్షురాలు కమలా హారిస్‌కి, అభ్యర్థిని ఖరారు చేసే పార్టీ ప్రతినిధుల (డెలిగేట్ల) మద్దతు కావలసినంత దొరికింది. ఇంత ఐకమత్యం మా ఇళ్లల్లో పెళ్లి ముహూర్తం కుదిర్చేటప్పుడు కూడా చూడలేదు. నవంబర్‌లో ఓడిపోయారు. కొట్టుకున్నందుకు ఓడారనే సూత్రం ఏమైనట్టు?

ఇప్పుడు అయిదో పాయింటు. మిగతావి చదివి నవ్వుకుని వదిలేసేవాణ్ణి, దీని కోసమే రాస్తున్నాను. మేముండేది అట్లాంటాకి ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీలో. 2020లో జార్జియాలో ఓటేసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ వీడియో నాకు హైదరాబాద్ నుంచి పంపించి 'మీ ఊళ్లో ఏం జరిగిందో చూసుకో' అంటే ఒళ్లు మండదా?

వీడియోలో కనిపించేది అట్లాంటాలోని స్టేట్ ఫార్మ్ అరీనా అనే ఇండోర్ స్టేడియం. అక్కడ ఫుల్టన్ కౌంటీ ఓట్లు లెక్కపెట్టారు. బల్ల కింద నుంచి పెట్టెలు తీసి లెక్కపెడుతుంటారు, అంతే. అవి సూట్‌కేసులు కావు, అక్కడ ఓట్లు పెట్టే మామూలు పెట్టెలు. ఆ పెట్టెల్ని బల్ల కింద పెట్టడం కూడా అదే కెమెరాలో ఉంది, కొంచెం ముందు. ఫార్వర్డులో ఆ ముక్క కోసేశారు. రాష్ట్ర అధికారులు, ఎఫ్‌బీఐ మొత్తం ఫుటేజీ చూశారు, మోసమేమీ దొరకలేదు. ఎన్నికల బోర్డు 2023 జూన్‌లో కేసు మూసేసింది. ఇక రాష్ట్రంలో పడిన దాదాపు 50 లక్షల ఓట్లనీ మనుషులు చేత్తో మళ్లీ లెక్కపెట్టారు, ఆ తర్వాత మెషీన్లతో ఇంకోసారి. ఈ లెక్కల్లో ఫ్లాయిడ్ కౌంటీలో మరిచిపోయిన 2,600 పైచిలుకు ఓట్లు దొరికాయి. వాటిలో ఎక్కువ ట్రంప్‌వే, కలిపారు. చివరికి బైడెన్ ఆధిక్యం 11,779. దొంగలు ఎదుటివాడి ఓట్లు వెతికి మరీ కలుపుతారా బావగారూ?

ఇదంతా నడిపింది అప్పుడు రాష్ట్ర ఎన్నికల బాధ్యత చూసిన కార్యదర్శి బ్రాడ్ రాఫెన్స్‌పర్గర్, రిపబ్లికన్. అప్పటి గవర్నర్ బ్రయన్ కెంప్, ఆయనా రిపబ్లికనే. 2021 జనవరి 2న ట్రంప్ ఫోన్ చేసి 11,780 ఓట్లు వెతికిపెట్టమని అడిగింది ఈ రాఫెన్స్‌పర్గర్‌నే. ఆ ఫోన్ ఆడియో ఈ ఫార్వర్డులో లేదు మరి. సైజు ఎక్కువైందేమో.

ఆ వీడియోలో ఒక తల్లీ కూతురూ ఉన్నారు. ఇద్దరూ ఓట్ల లెక్కింపు పనికి వచ్చిన మామూలు మనుషులు. తల్లి కూతురి చేతిలో ఏదో పెడుతుంది. అది యూఎస్‌బీ డ్రైవ్ అనీ, మత్తుమందు పొట్లాల్లా చేతులు మార్చుకున్నారనీ ట్రంప్ లాయర్ రూడీ గియులియానీ ప్రచారం చేశాడు. అమెరికా చట్టసభ (కాంగ్రెస్) కమిటీ ముందు కూతురు చెప్పింది: అది అల్లం బిళ్ళ. నోట్లో వేసుకునే బిళ్ళ! ఆ ప్రచారం వల్ల ఆ తల్లి ఇల్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది. బజార్లో తన పేరు చెప్పడానికే భయపడ్డానంది. తాను చెప్పినవి అబద్ధాలన్న మాటని కాదననని గియులియానీయే 2023లో కోర్టు దాఖలాలో ఒప్పుకున్నాడు. డిసెంబర్‌లో జ్యూరీ ఆ ఇద్దరికీ 14 కోట్ల 80 లక్షల డాలర్లు ఇమ్మంది. ఇన్నేళ్ల తర్వాత ఆ వీడియోని గుడ్ మార్నింగ్ పువ్వుల మధ్య పెట్టి పంపుతున్నారు.

ఇప్పుడు నిక్సన్ సంగతి గుర్తు చేసుకోండి. ప్రతినిధుల సభలో రిపబ్లికన్ సభ్యురాలైన లిజ్ చెనీ ట్రంప్ విధానాలకి నూటికి తొంభైసార్లు ఓటేసిన మనిషి. ఎన్నిక దొంగిలించారన్నది అబద్ధమని చెప్పినందుకు 2021 మేలో పార్టీ ఆమెని సభలో నాయకత్వ పదవి నుంచి తీసేసింది. 2022లో సొంత రాష్ట్రం వయోమింగ్‌లో ప్రైమరీ కూడా ఓడిపోయింది. ఈ ఫార్వర్డు మురిసిపోయే ఐకమత్యం ఇదే: గోల్డ్‌వాటర్ చేసిన పని ఇంకెవరూ చేయకుండా చూసుకోవడం.

మీడియా జేబులో ఉందన్న మాటకొస్తే, జేబు ఎవరిదో చూడాలి. 2020 ఎన్నికల రాత్రి అరిజోనా బైడెన్‌దే అని అందరికన్నా ముందు చెప్పింది రిపబ్లికన్ల వైపు మొగ్గే చానెల్ ఫాక్స్ న్యూస్. చెప్పింది నిజమే. ప్రేక్షకులు మండిపడి పక్క చానెల్‌కి వెళ్లడం మొదలెట్టారు. ఆ తర్వాత ఓటింగ్ మెషీన్ల కథలు ఫాక్స్ తెర మీదికొచ్చాయి. అవి పచ్చి అబద్ధాలని అక్కడి యాంకర్లు లోపల ఒకరికొకరు పంపుకున్న మెసేజ్‌లు కోర్టు కాగితాల్లో బయటపడ్డాయి. మెషీన్ల కంపెనీ డొమినియన్‌కి 2023 ఏప్రిల్‌లో 78 కోట్ల 75 లక్షల డాలర్లిచ్చి రాజీ పడ్డారు. ఇటువైపు 2024లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక అధ్యక్ష ఎన్నికల్లో ఎవరికీ మద్దతు ప్రకటించబోమని అంటే రెండు లక్షల మందికి పైగా చందాలు మానేశారు. చూసేవాడికి కోపం తెప్పిస్తే బేరం పోతుందన్న భయం రెండు వైపులా ఉంది.

అయినా రెండో పాయింటులో కొంత నిజముంది. ఇది రాయడం నాకు ఇష్టం లేదు, కానీ తప్పదు. 2016లో డెమొక్రాట్ నాయకురాలు డోనా బ్రెజీల్ సీఎన్‌ఎన్ చానెల్లో వ్యాఖ్యాతగా ఉంటూనే, అధ్యక్ష పోటీలో ఉన్న హిల్లరీ క్లింటన్ బృందానికి ప్రశ్నలు ముందుగా అందించింది. అది చిన్నది. పెద్దది బైడెన్ వయసు. డెమొక్రాట్ పార్టీలో ప్రతినిధుల సభ సభ్యుడు డీన్ ఫిలిప్స్ ఆ మాట ఎత్తి ప్రైమరీలో పోటీకి దిగితే, ఐకమత్యం చెడగొడుతున్నాడన్నారు. బైడెన్ తడబడిన వీడియోలు వస్తే కత్తిరించినవని వైట్‌హౌస్ కొట్టిపారేసింది. కొన్ని నిజంగానే కత్తిరించినవి, కాబట్టి నమ్మడం సులువైంది. మనం మెచ్చే చానెళ్లు చాలావరకు ఆ మాటే చెప్పాయి. 2024 జూన్ 27 డిబేట్‌లో తొంభై నిమిషాల్లో ఆ ముసుగు తొలగిపోయింది.

బావగారు దీన్ని పట్టుకోకముందే నేనే చెప్పేస్తాను. డిబేట్‌కి పది రోజుల ముందు, 'బైడెన్ వీడియోలన్నీ ఎడిటింగే, నమ్మకండి' అని మన బ్యాచ్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. ఫార్వర్డ్ చేసింది నేనే. మూడుసార్లు. ఇంకా అక్కడే ఉంది, పైకి జరిపితే కనిపిస్తుంది.