మడిచిపెట్టిన అద్దం

పోయినేడు సంక్రాంతికి కావలి వెళ్ళినప్పుడు మా బావ కారుకున్న ఎడమవైపు అద్దం తెరిచాను. మడిచిపెట్టి ఎన్నేళ్ళయిందో, కీలు దగ్గర దుమ్ము గట్టిపడి కిర్రుమంది. అద్దానికీ డొప్పకీ సందులో సాలీడు గూడు కట్టి కాపరం పెట్టింది. వసారాలోంచి బావ కేకేశాడు. "దాన్నెందుకు కదిలిస్తావు బామ్మర్దీ, ట్రంకు రోడ్డులో బైకోళ్ళు గుద్దేస్తారని మడిచిపెట్టుండాను!"

ఎనిమిదేళ్ళ బండి. ఏపీ 26, మన నెల్లూరు జిల్లా నంబరు. (2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక, రోడ్డు మీద బండిని చూసి "వీడు మనోడే" అనుకునే సరదా పోయింది. అది వేరే బాధ.) ఆ ఎనిమిదేళ్ళూ బావ ఆ అద్దం లేకుండానే నెల్లూరు పోయొచ్చాడు, ఒంగోలు పోయొచ్చాడు, ఎండాకాలం వస్తే ఉలవపాడు దగ్గర హైవే పక్కన ఆపి మామిడిపండ్ల బుట్టలు వేసుకొచ్చాడు. బండికి ఒక్క గీత పడలేదు. అబద్ధం ఎందుకు, బావ మంచి డ్రైవరు. కానీ ఆయన్ని తెచ్చి ఇంగ్లండులో నేనుండే మిల్టన్ కీన్స్‌లో డ్రైవింగ్ టెస్టుకి కూర్చోబెడితే రెండో మలుపు తిరిగేలోపు ఫెయిలవుతాడు. ఈ రెండు మాటలూ నిజమే. మన పిల్లలకీ, వాళ్ళని విమానం ఎక్కించే అమ్మానాన్నలకీ ఎంత చెప్పినా ఎక్కనిది ఇదే.

నేను అద్దం తెరిచింది మేనల్లుడి కోసం. సెప్టెంబరులో వాడు ఎమ్మెస్సీకి ఇంగ్లండు రావాలి. కన్సల్టెన్సీకి కట్టారు, ఐఈఎల్‌టీఎస్ కోచింగుకి కట్టారు, లోనుకి పొలం కాగితాలు బ్యాంకులో పెట్టారు. మా అక్క రాసుకున్న చీటీలో కుక్కరుకీ నల్లకారానికీ నడుమ 'లైసెన్సు' అని ఉంది. కొనాల్సిన సామాన్లలో అదొకటి. ఒక ఆర్టీఏ ఆఫీసు ఎదురుగా, ఏ ఊరో చెప్పను, జిరాక్సు షాపు బల్ల మీద కూర్చున్న ఏజెంటు మమ్మల్ని తలెత్తి కూడా చూడకుండా "కారొకటేనా, బైకు కూడానా?" అన్నాడు.

"వీడికి ఇంకా సరిగ్గా నడపడం రాదు" అన్నాను.

"రాకపోతే ఏముందన్నా. ఎల్ఎల్ఆర్ తీసుకుని ముప్పై రోజులు పోనీ, బ్రేకినస్పెక్టరు ముందు ఒకసారి కనపడిపోతే చాలు. ఫారిన్ పోతాండాడు గదా, ఇంటర్నేషనల్ కూడా కలిపి చేయించేదా?"

ఇడ్లీతో పాటు వడ వెయ్యమంటారా అన్నంత మామూలుగా అడిగాడు.

ఆ 'ఇంటర్నేషనల్' సంగతి ఇక్కడే తేల్చేద్దాం. వెయ్యి రూపాయల ఫీజు కట్టి తెచ్చుకునే ఆ పుస్తకం లైసెన్సు కాదు. మన లైసెన్సులో ఉన్నది వేరే భాషల్లో చెప్పే అనువాదం. ఏడాది చెల్లుతుంది, అదీ అసలు లైసెన్సు పక్కన ఉంటేనే. బ్రిటన్‌లో మొదటి ఏడాది మన లైసెన్సు ఒక్కటీ సరిపోతుంది, ఆ పుస్తకం అక్కర్లేదు. ఏడాది దాటాక ఆ పుస్తకంతో ఏ ఉపయోగమూ లేదు. కానీ మన ఊళ్ళలో దాన్ని చూపించి "మావాడికి ఇంటర్నేషనల్ లైసెన్సు ఉంది" అంటారు, పైలట్ లైసెన్సు అన్నట్టు.

ఏజెంటుని తిట్టే అర్హత నాకు లేదు. 2006లో నేను వెళ్ళిందీ అదే తోవలో. స్నేహితుడి మారుతి 800లో ముందుకి ఇరవై గజాలు, వెనక్కి ఐదు గజాలు. చూసేవాయన ఫైల్లోంచి తల తియ్యకుండానే "సరే, దిగు" అన్నాడు. ఇంటికొచ్చి స్వీట్లు పంచాం.

బ్రిటన్ సంగతి చూడండి. అక్కడ నివాసం మొదలైన రోజు నుంచి 12 నెలలు మన లైసెన్సుతో కారు నడపొచ్చు. తర్వాత చెల్లదు. ఆస్ట్రేలియా, జపాన్, సింగపూర్ లైసెన్సులైతే టెస్టు లేకుండా మార్చిస్తారు. జింబాబ్వేది మార్చిస్తారు. 2021 నుంచి దుబాయ్‌దీ మారుస్తున్నారు. మనది మాత్రం మార్చరు. మొదట్లో ఇది తల్చుకుంటే నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆ జిరాక్సు షాపు బల్ల గుర్తొస్తుంది, నోరు లేవదు. (అమెరికా పాఠకులు నవ్వుకోకండి. మాకు ఏడాది ఇచ్చారు, టెక్సాస్‌లో 90 రోజులు, కాలిఫోర్నియాలో నివాసి అయ్యాక 10 రోజులే.)

అంటే అఆల నుంచి మొదలు. ప్రొవిజనల్ లైసెన్సుకి, అంటే వాళ్ళ ఎల్ఎల్ఆర్‌కి, ఆన్‌లైన్లో 34 పౌండ్లు. థియరీ పరీక్షకి 23, యాభై ప్రశ్నల్లో 43 సరిగ్గా రావాలి. మనవాళ్ళకి అదో లెక్క కాదు, బట్టీలో మనల్ని మించినవాడు లేడు. ప్రాక్టికల్ వారం మధ్యలో అయితే 62 పౌండ్లు, ఓ నలభై నిమిషాలు. చిన్న తప్పులు పదిహేను దాకా క్షమిస్తారు, పెద్ద తప్పు ఒక్కటి పడితే కథ ముగిసింది. కూర్చున్నవాళ్ళలో పాసయ్యేది సగానికి కాస్త తక్కువే, అక్కడ పుట్టి పెరిగినవాళ్ళతో కలిపి. ఫెయిలైతే కనీసం పది పనిదినాలు ఆగాలి. ఆ పదిరోజులు పేరుకే. డేటు దొరకడానికి నెలలు పడుతుంది.

థియరీలో రెండో భాగం ఒకటుంది, హజార్డ్ పర్సెప్షన్. పద్నాలుగు వీడియోలు చూపిస్తారు. ముందు ఏదో ప్రమాదం ముంచుకొస్తుందని అనిపించగానే మౌసు నొక్కాలి. 75కి 44 వస్తే పాస్. నేను కావలిలో సైకిలు తొక్కినవాణ్ణి. బర్రె ఏ క్షణంలో అడ్డం తిరుగుతుందో దాని తోక చూసి చెప్పగలను. ఆగిన ఆర్టీసీ బస్సు వెనకనుంచి మనిషి ఎప్పుడు ఊడిపడతాడో నాకు తెలుసు. వీడియోలో ఫుట్‌పాత్ మీద పిల్లాడి చేతిలో బంతి కనపడగానే నొక్కేశాను. సున్నా. వాడు రోడ్డు వైపు కదలడం మొదలుపెట్టాకే మార్కుల లెక్క మొదలవుతుందట, ముందే నొక్కితే లేదు. పోనీలే అని ఊరికే టకటకా నొక్కుతూ పోతే మోసమనుకుని ఆ వీడియోకి సున్నా వేస్తారు. కాబట్టి మనకి ప్రమాదం కనపడదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. మనకి అన్నీ ప్రమాదాల్లాగే కనపడతాయి, అలా చూసుకునే మనం బతికి బట్టకట్టాం. మనకి రానిది వేరే.

మొదటి టెస్టులో నాకు జరిగింది చెప్తాను. ఇళ్ళ మధ్య సన్నటి వీధి, రెండుపక్కలా కార్లు ఆపి ఉన్నాయి, నడుమ ఒక్క కారు పట్టే దారి. ఎదురుగా ఒకావిడ కారు ఆపి నాకేసి రెండుసార్లు లైట్లు కొట్టింది. మన నేషనల్ హైవే 16 మీద ఎదుటి లారీవాడు లైట్లు కొడితే అర్థమేమిటి? "నేనొస్తున్నా, నువ్వాగు." ఆగాను. ఆవిడ మళ్ళీ కొట్టింది. "సరేనమ్మా, ఆగేవున్నాగా" అని మనసులో అనుకుంటూ ఇంకొంచెం పక్కకి జరిగాను. ఆవిడ చేతులు ఊపుతోంది. వెనక ఇంకో కారు వచ్చి ఆగింది. పక్కన ఎగ్జామినరు ఏదో గీత గీశాడు. ఆ ఊళ్ళో లైట్లు కొడితే "నువ్వు రా" అని! వాళ్ళ హైవే కోడ్ పుస్తకమైతే దానికి ఆ అర్థం కూడా ఒప్పుకోదు, "నేనిక్కడ ఉన్నాను" అని చెప్పడానికే లైట్లు వాడమంటుంది. అంటే పుస్తకంలో ఒక అర్థం, వాళ్ళ వీధిలో ఒక అర్థం, నా తలకాయలో హైవే లారీ అర్థం. మూడూ ఒక్కచోట కలిశాయి, నేను ఫెయిలయ్యాను.

రెండోసారి నన్ను ముంచింది అద్దం. రౌండెబౌట్‌లో లేన్ మారేముందు ఎడమ అద్దంలో చూడలేదని. మిల్టన్ కీన్స్‌లో రౌండెబౌట్లు వందకి పైనే, చూడకుండా తప్పించుకునే వీల్లేదు. రౌండెబౌట్ అంటే మనకి మధ్యలో నెల్లూరు గాంధీబొమ్మ సెంటర్లోలా ఒక బొమ్మన్నా ఉండాలి. అక్కడ కొన్నిచోట్ల రోడ్డు మీద తెల్లరంగుతో గుండ్రంగా బొట్టు పెట్టి వదిలేస్తారు, అదే రౌండెబౌట్. కుడివైపు నుంచి వచ్చేవాడికి దారివ్వాలి, వాడు సైకిలువాడైనా సరే. మనదగ్గర పెద్ద బండికి దారిస్తాం, లేదా ముందు ముక్కు దూర్చినవాడికిస్తాం. మనం సందు చూసి నడుపుతాం. వాళ్ళు వంతు చూసి నడుపుతారు. అందుకే మనకి ఎదురుగా ఉన్నది తప్ప వెనక ఉన్నది అక్కర్లేకపోయింది. వెనకున్నవాడికి మనం కనపడాలి, వాడు హారన్ కొట్టుకోవాలి, లారీ వెనక కూడా అదే రాసి ఉంటుంది. అద్దం మడిచేది బైకోళ్ళ కోసమే అని మా బావ అంటాడు గానీ, ఆ అద్దంతో పని పడి ఉంటే రోజుకి పదిసార్లన్నా తెరిచి మూసేవాడు. టెస్టుల్లో ఎక్కువమందిని ఫెయిల్ చేసే తప్పుల్లో మొదటివి కూడళ్ళలో సరిగ్గా చూడకపోవడం, తిరిగేముందు అద్దాలు చూడకపోవడం. నా రెండో టెస్టు ఆ ఖాతాలోకే పోయింది.

ఇంటికి మాత్రం ఏం చెప్పాను? "డేట్లు దొరకడం లేదు నాయనా." ఏడాదిన్నర అదే మాట. నా స్నేహితుల్లో ముగ్గురు కూడా ఇంట్లో అట్టాగే చెప్పుకున్నారని తర్వాత తెలిసింది. ఇక్కడే నాకు మన మీద కోపం. ఫెయిలైన సంగతి మనం దాచిపెట్టబట్టే ఊళ్ళోవాళ్ళు అదేదో ఆఫీసు పని అనుకుంటున్నారు. అందుకే ఏజెంటు దగ్గరికి పోతున్నారు. వచ్చిన పిల్లలు మొదటి ఏడాది కాగితం ఉంది గదా అని అద్దె కారెక్కి, పన్నెండు నెలలు దాటిన సంగతి మర్చిపోయి నడుపుతున్నారు. ఆ రోజు నుంచి ఇన్సూరెన్సు కూడా ఉన్నట్టు కాదు. ఇన్సూరెన్సు లేకుండా పట్టుబడితే 300 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద ఆరు పెనాల్టీ పాయింట్లు. టెస్టు పాసైన రెండేళ్ళలోపు ఆరు పాయింట్లు పడితే వచ్చిన లైసెన్సు కూడా పోతుంది.

అంతకన్నా బాధ పెట్టేది ఆడపిల్లల సంగతి. కందుకూరులోనో, కనిగిరిలోనో స్కూటీ మీద కాలేజీకి పోయి, చెల్లెల్ని ట్యూషన్లో దింపి, అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళిన పిల్ల లండన్ సంబంధం చేసుకుని వస్తుంది. పెళ్ళికి బంగారం ఎన్ని సవర్లో నెలల ముందే తేలుతుంది, పిల్లకి కారు నేర్పించాలన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు. వచ్చాక మొగుడు "తొందరేముంది, నేనున్నాగా" అంటాడు. చలికాలం పోతుంది, బిడ్డ పుడుతుంది, పన్నెండు నెలలు ఎప్పుడో దాటిపోతాయి. పాల డబ్బాకి కూడా ఆయన ఆఫీసునుంచి రావాలి. నాకు తెలిసిన ఒకమ్మాయి టీకా కోసం పిల్లాడి బండిని రెండు బస్సులు మార్చి నెట్టుకుపోయింది, వానలో. ఇంటిముందు కారు ఆగే ఉంది. నేనైతే ఆడపిల్లకే ముందు నేర్పించమంటాను. ఆటోమేటిక్‌లో టెస్టు ఇస్తే ఆటోమేటిక్ మాత్రమే నడపాలి, ఏం పరవాలేదు, నామోషీ ఏమీ లేదు. మొగుడి దగ్గర మాత్రం నేర్చుకోవద్దు. ఈ మాట అనుభవం మీద చెప్తున్నాను, మా ఆవిడ ఒప్పుకుంటుంది.

మా బావ వాదన ఒకటుంది. "ఇక్కడ నేర్చుకుంటే చెడు అలవాట్లొస్తాయి, అక్కడే నేర్చుకోనీ." సగం నిజమే. కానీ అక్కడ గంట పాఠానికి 35 పౌండ్లకి తక్కువ దొరకడం కష్టం. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో తెలుసుకోవడానికే పది గంటలు పోతాయి. ఆ పది గంటలు కావలి దగ్గర తుమ్మలపెంట రోడ్డు మీద పొద్దున్నే పెట్రోలు ఖర్చుతో అయిపోతాయి. నేను మేనల్లుడితో అదే చేయించాను. సెలవుల్లో ఎనిమిది పొద్దులు, మంచులో, చేపల టెంపోలు ఎదురొస్తుంటే. తిరిగే ప్రతిసారీ అద్దంలో చూసి ఏం కనపడిందో పైకి చెప్పమన్నాను. "కుక్క, మామా." "సైకిలాయన, మామా." "ఏం లేదు మామా." ఎల్ఎల్ఆర్ తీసుకున్నాడు, నేర్పే స్కూల్లో రెండు నెలలు చేరాడు, ఎక్కడా 'కనపడిపోవడం' కాకుండా టెస్టిచ్చాడు. మొదటిసారి అక్కడే ఫెయిలయ్యాడు. మా అక్కకి తలకొట్టేసినట్టయింది. నాకైతే సంతోషమే.

వాడు ఇంగ్లండు వచ్చిన మొదటి నెలలోనే ప్రొవిజనల్‌కి పెట్టించాను. థియరీ ఒక్కసారికే పాస్. ప్రాక్టికల్ పోయిన నెల. ఫోన్లో ఒకటే మాట పెట్టాడు: "పోయింది మామా." తొమ్మిది చిన్న తప్పులు, ఒక పెద్దది. పెద్దది అద్దం కాదు, జీబ్రా గీతల దగ్గర రోడ్డు దాటడానికి నిలబడ్డ ముసలాయనకి ఆపలేదు. ఇంకో డేటు బుక్ చేశాడు.

ఇక్కడి మన తెలుగు సంఘం ఉగాది వేదిక మీద ఏటా ర్యాంకులొచ్చిన పిల్లలకి శాలువాలు కప్పుతాం. ఈ పత్రికలో ఒక పేజీ ఇస్తే ఎవరు ఎన్నిసార్లు ఫెయిలై లైసెన్సు తెచ్చుకున్నారో రాద్దాం. నా లెక్క రెండు, మూడోసారి పాస్. మా ఆవిడ మొదటిసారే పాస్, అది కూడా రాయాలంటుంది.

ఈ మాటే అక్కకి ఫోన్ చేసి చెప్పాను. పక్కింటోళ్ళు అడిగితే ఫెయిలయ్యాడని చెప్పు, డేట్లు దొరకలేదని మాత్రం చెప్పొద్దు అన్నాను. అక్క నవ్వింది.

"నువ్వు చెప్పొచ్చావులే అబ్బయ్యా. నువ్వు రెండుసార్లు పోగొట్టుకున్న సంగతి నీ స్నేహితుడి ద్వారా నాయనకి అప్పుడే తెలుసు. బజార్లో ఎవరన్నా అడిగితే ఏం చెప్పేవాడో తెలుసా? వాడికి కంపెనీవాళ్ళు డ్రైవర్నిచ్చారు, లైసెన్సుతో పనేంది అని."