గుర్రం ఆగినప్పుడల్లా కొరడా ఎత్తకండి

మొన్న ఆదివారం పొద్దున జరిగింది. జడ్చర్ల వైపు నుంచి ఒకాయన రోజూ తన పద్నాలుగేళ్ల కొడుకుని మా దగ్గరికి స్వారీ నేర్చుకోవడానికి తీసుకొస్తాడు. మూడు నెలలైంది. ఆ రోజు రెండడుగుల ఎత్తు కూడా లేని అడ్డుకర్ర ముందు మా ఆడగుర్రం ఆగిపోయింది. బాబు తిప్పుకొచ్చాడు, మళ్లీ ఆగింది. కంచె బయట నుంచి తండ్రి అరుపు: "కొట్రా! గట్టిగ కొట్టు! భయపడతవేంది?" బాబు కొరడా ఎత్తాడు. నేను పరుగెత్తుకెళ్లి చేయి పట్టుకున్నాను.

"సార్, భయం లేకుంటే అది మాట ఎట్ల వింటది?" అన్నాడాయన. పిల్లల ముందు వాదన ఎందుకని అప్పుడు ఊరుకున్నాను. కానీ ఈ మాట ఆయనొక్కడిదే కాదు. మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో గుర్రాలున్న చోటికి నేను ఎక్కడికెళ్లినా ఇదే వింటున్నాను. అందుకే రాస్తున్నా.

ఆ గుర్రం ఎందుకు ఆగిందో నేను పది అడుగుల దూరం నుంచి చూశాను. కర్ర దగ్గరికి వస్తున్నంతసేపూ దాని చెవులు రెండూ ముందుకే ఉన్నాయి. అంటే దూకాలనే చూస్తోంది. సరిగ్గా చివరి అంగలో బాబు భయపడి పగ్గాలు వెనక్కి గుంజాడు. ఒక చెవి వెనక్కి తిరిగింది, తల పైకి లేచింది, కళ్లెం ఇనుము ఒత్తుకుని నోరు తెరుచుకుంది. మడమలు పొట్టకు తగిలిస్తూ పొమ్మంటున్నాడు, చేతులతో ఆగమంటున్నాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి అన్నట్టయింది దానికి. రెండు మాటల్లో ఒకటి విని ఆగింది. విన్నందుకు దెబ్బలా?

దూకేటప్పుడు గుర్రానికి మెడే ఆధారం. దాన్ని ముందుకు చాపి, వీపు గుండ్రంగా వంచితేనే కాళ్లు కర్ర దాటతాయి. ఈ సంగతి సైన్యాల్లో పుట్టి పెరిగినవాళ్లకే చాలాకాలం తెలియలేదు. పోయిన శతాబ్దం మొదటిదాకా రౌతులు దూకేటప్పుడు వెనక్కి వాలి, పగ్గాలు బిగపట్టి, దిగేటప్పుడు గుర్రం నడుము మీద ధబీమని పడేవాళ్లు. ఇటలీ అశ్వదళంలో అధికారి ఫెడెరికో కాప్రిల్లి (1868–1907) గుర్రాలను స్వేచ్ఛగా వదిలి అవి ఎలా దూకుతాయో గమనించి, రౌతే ముందుకు వంగాలని, మెడకు చోటివ్వాలని నేర్పాడు. ఇవాళ ఒలింపిక్స్‌లో 1.60 మీటర్లు దూకేవాళ్లు కూర్చునే తీరు ఆయన నుంచి వచ్చిందే.

అందుకే నా దగ్గర కొత్తవాళ్లకు మొదట పగ్గాలివ్వను. పొడవాటి తాడుతో గుర్రాన్ని నా చుట్టూ తిప్పుతుంటే, పిల్లలు రికాబుల్లో కాళ్లు పెట్టకుండా, చేతులు చాపుకుని కూర్చోవాలి. తల్లిదండ్రులకు ఇది నచ్చదు, వీడియోలో బాగుండదు. కానీ పగ్గాలు పట్టుకుని వేలాడకుండా కూర్చోవడం వచ్చేదాకా ఆ చేతులు గుర్రం నోటికి శిక్షే.

ఒకే ఒలింపిక్స్‌లో జరిగిన రెండు సంగతులు చెబుతాను. 2021లో టోక్యోలో ఐదు క్రీడలు కలిసిన మోడర్న్ పెంటాథ్లాన్‌లో జర్మనీ అమ్మాయి అనికా ష్లోయ్ స్వారీ దాకా మొదటి స్థానంలో ఉంది. ఆ ఆటలో అప్పట్లో గుర్రాన్ని లాటరీలో ఇచ్చేవారు, పరిచయానికి 20 నిమిషాలే. ఆమెకొచ్చిన సెయింట్ బాయ్ దూకనని మొండికేసింది. ఆమె ఏడుస్తూ కొట్టింది, కోచ్ "కొట్టు" అని అరుస్తూ తనే కంచె మీదుగా పిడికిలితో గుద్దింది. కోచ్‌ను పంపేశారు, పతకం పోయింది, చివరికి 2024 పారిస్ తర్వాత ఆ ఆటలోంచి గుర్రపు స్వారీనే తీసేశారు. అదే టోక్యోలో మన ఫవాద్ మీర్జా, మూడు రకాల స్వారీ పరీక్షలు కలిసిన ఈవెంటింగ్‌లో జంపింగ్ ఫైనల్ దాకా వెళ్లి 23వ స్థానంలో నిలిచాడు. ఎక్కింది సెన్యూర్ మెడికాట్ అనే గుర్రం. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో రజతం తెచ్చింది కూడా దాని మీదే. మూడేళ్ల తర్వాత కూడా అదే గుర్రం, అదే మనిషి. "మావాడు ఎప్పుడు పోటీకి పోతడు సార్" అని అడిగేవాళ్లు ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

ఇంకో బాధ. రేసుల నుంచి రిటైరైన గుర్రాన్ని చవగ్గా కొని, వారంలో కర్రల మీదకు తోలేస్తున్నారు. పాపం దానికి రెండు మూడేళ్ల వయసు నుంచీ ఒక్కటే నేర్పారు, సాగి పరుగెత్తడం. గుర్రం వెన్నెముక పూర్తిగా గట్టిపడటానికే ఐదారేళ్లు పడుతుంది. కొన్ని నెలలు మేత మేసి, నడక నేర్చి, మనసు చల్లబడ్డాకే కర్ర. అది కూడా నేల మీద పరిచిన కర్ర.

ఆ ఆదివారం బాబుతో నేను చేయించింది అదే. గుర్రం దిగమన్నాను. నాలుగు సరుగుడు కర్రలు నేల మీద సుమారు 1.3 మీటర్ల ఎడంతో పరిచి, నడకకూ పరుగుకూ మధ్య వేగమైన ట్రాట్‌లో దాటించాను. తర్వాత రెండు చిన్న అడ్డంకుల మధ్య నా అడుగులతో ఎనిమిది కొలిచాం. దిగడానికి రెండడుగులు, మధ్యలో ఒక అంగకు నాలుగు, లేవడానికి రెండు. సుమారు 7.2 మీటర్లు. బాబే కొలిచాడు. దూరం సరిగ్గా ఉంటే గుర్రమే ఎక్కడ లేవాలో చూసుకుంటుంది, రౌతు దాని జూలు పట్టుకుని మెడ వదిలేస్తే చాలు. మూడోసారికి ఆడగుర్రం రెండూ దాటింది. బాబు దిగి దాని మెడ మీద ముఖం పెట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తండ్రి మాట్లాడలేదు.

నేల గురించి కూడా చెప్పాలి. దిగేటప్పుడు నాలుగైదు వందల కిలోల బరువు ముందు కాళ్ల మీద, అందులోనూ మొదట ఒక్క కాలి మీద పడుతుంది. మన దగ్గర మార్చి దాటితే మొరం నేల రాయిలా ఉంటుంది. ఇసుక పోయకుండా, నీళ్లు చల్లకుండా, పొద్దెక్కాక అక్కడ దూకిస్తే ఆ కాళ్లు ఎంతకాలం ఆగుతాయి? కర్రలకు ఎర్ర రంగు వేయకండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా గుర్రానికి సరిగా తెలియదు. తెలుపు, నీలం, పసుపు వేయండి.

అన్నిటికంటే భయపెట్టింది మొన్న ఒక చోట చూశాను. పేరు అనవసరం. డ్రమ్ముల మీద ఇనుప పైపు పెట్టి, పడిపోకుండా బైండింగ్ వైరుతో బిగించారు. కర్ర పడాలి! కాలు తగిలితే పడిపోవడానికే దాన్ని లోతులేని కప్పులో ఊరికే ఆనిస్తారు. పోటీలో కర్ర పడితే పోయేది 4 పాయింట్లు. పడకపోతే గుర్రం బోర్లా పడుతుంది, పైనున్న పిల్లవాడి మీద. మీ దగ్గర అలాంటివి ఉంటే ఈ సాయంత్రమే కటింగ్ ప్లేయర్ పట్టుకెళ్లి ఆ వైర్లు కోసేయండి.