చోరీ విలువ పరిమితి గారికి బహిరంగ లేఖ

అయ్యా పరిమితి గారూ,

చట్టం పుస్తకాల్లో మీరొక అంకె. మీ లోపు కాజేస్తే చిన్న దొంగ, మిమ్మల్ని దాటితే పెద్ద దొంగ. మీ పాత చరిత్ర తిరగేస్తే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. 1699 నాటి ఇంగ్లండ్ చట్టంలో మీరు ఐదు షిల్లింగులు. దుకాణంలో అంత విలువైన సరుకు గుట్టుగా నొక్కేస్తే ఉరి! ఓ లేసు ముక్క కోసం మనిషిని ఉరికొయ్యకు పంపడానికి మనసొప్పక, జ్యూరీలు ఆ సరుకు ఖరీదు నాలుగు షిల్లింగుల పది పెన్నీలని తేల్చిన సందర్భాలున్నాయి. డిస్కౌంటంటే అదీ. షిల్లింగుకు పన్నెండు పెన్నీలు కదా, రెండు పెన్నీలు తగ్గిస్తే మెడ మిగిలింది.

ఇప్పుడు మీరు బాగా మెత్తబడ్డారు. కాలిఫోర్నియా ఓటర్లు 2014లో మిమ్మల్ని 950 డాలర్ల దగ్గర కూర్చోబెట్టారు. 2024లో మళ్లీ ఓటేసి, దొంగతనంలో ఇదివరకే రెండుసార్లు శిక్ష పడ్డవాడికి మీ చలవ చెల్లకపోవచ్చన్నారు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన మన భారతీయ న్యాయ సంహితలో మీరు 5,000 రూపాయలు. అంతకంటే తక్కువ కాజేసి, మొదటిసారి దోషిగా తేలి, సొమ్ము తిరిగిచ్చేస్తే శిక్ష సమాజ సేవ. మంచిదే. షాంపూ సీసా జేబులో వేసుకున్నవాడు నాలుగు రోజులు పార్కు ఊడిస్తే ఎవరికేం నష్టం?

నా బాధల్లా ఆన్‌లైన్ వాళ్ల గురించి. వాళ్లు మీ మొహం కూడా చూడరు. "సార్, మీ కేవైసీ ఆగిపోయింది" అని బ్యాంకు ఆఫీసరు గొంతుతో ఫోన్ చేస్తారు. ఓటీపీ చెప్పడమే ఆలస్యం, రిటైర్మెంట్ డబ్బులు ముందు ఓ అద్దె ఖాతాలోకి, అక్కణ్నుంచి ఇంకొన్ని ఖాతాల్లోకి, ఆపైన ఏటీఎంలోంచి నోట్లుగా బయటికి. శిక్ష లేదా అంటే, లేకేం! మోసానికి అదే న్యాయ సంహిత సెక్షన్ 318(4) కింద ఏడేళ్ల దాకా జైలు. కంప్యూటరో ఫోనో అడ్డం పెట్టుకుని ఇంకొకరిలా నటించి ముంచితే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల దాకా, పైన లక్ష రూపాయల వరకు జరిమానా. లక్ష! కొందరికది ఒక్క ఫోన్‌కాల్ రాబడి. తీరా దొరికేదెవరయ్యా అంటే, చాలాసార్లు కమీషన్‌కు ఆశపడి ఖాతా అద్దెకిచ్చిన కుర్రాడు. ఫోన్ చేసిన గొంతు ఈపాటికి ఇంకో సిమ్ మార్చేసి ఉంటుంది. షాపు దొంగకైతే ఒళ్లంటూ ఒకటుంది పాపం, గేటు దాటక తప్పదు.

కాబట్టి చిన్న మనవి. తీరిక చేసుకుని ఆ షాపు గుమ్మం దగ్గర్నుంచి లేచి, కాసేపు ఈ ఫోన్‌కాల్ బ్యాచ్ వైపు కూడా వెళ్లి రండి. అడ్రసు మాత్రం నన్నడక్కండి, పోలీసులూ దానికోసమే తిరుగుతున్నారు.

ఇట్లు,
బిల్లు కట్టినా గేటు దగ్గర బీప్ మోగే ఒక కస్టమర్