మహారాజశ్రీ పరామర్శ గారి దివ్యసముఖానికి

శ్రీకాకుళం,
సంక్రాంతి వెళ్ళిన వారం.

అయ్యా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, నా వైపు కుశలం ఇంకా దారిలో ఉంది. మీ కుశలానికి ఎప్పుడూ లోటు లేదు. పేగు ఆపరేషనై వైజాగ్ ఆసుపత్రి నుంచి నన్ను తెస్తున్న కారు ఎచ్చెర్ల దాటకముందే మీరు మా అరుగు మీద కాఫీ తాగుతున్నారట.

"ఏదీ, చొక్కా ఎత్తు" అన్నారు. ఎత్తాను. పొట్ట మీద అక్కడక్కడా చిన్న ప్లాస్టర్లు, బొడ్డు దగ్గర మూడు వేళ్ళు పట్టే గాటు. మా పెదనాన్న కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు. వీపు వైపేమైనా మిగిలిందేమోనని పక్కకి తిప్పి కూడా చూశారు. "ఇంతేనేటి?" అన్నారు, పెళ్ళి భోజనంలో పప్పూ చారే వడ్డించినట్టు మొహం పెట్టి. మా మేనత్త నోట్లోంచి అడ్డచుట్ట తీసి, "మా గేదెకి దీనికన్నా పెద్ద కోత పెట్టార్రా" అంది. అంతటితో నా కేసు కొట్టేశారు.

తమరి దగ్గర ఒక టేపుంది. కోత జానెడైతే పెద్ద జబ్బు, బెత్తెడైతే మోస్తరు జబ్బు, రంధ్రాలైతే వేషాలు. ఆ టేపు లోపలికి అందదు కాబట్టే ఈ ఉత్తరం.

నాది క్రోన్స్ జబ్బు. చిన్నపేగు పెద్దపేగులో కలిసేచోట వాచి, పుండ్లు పడి, మచ్చ కట్టి, దారి మూసుకుపోయింది. మొదట పేగు టీబీ అనుకుని నెలల తరబడి ఆ మందులే మింగించారు. మన దేశంలో ఈ రెండు జబ్బులూ ఒకదాని వేషంలో ఒకటి తిరుగుతాయి, అందుకని డాక్టర్లను తిట్టబుద్ధి కావడం లేదు. తర్వాత స్టెరాయిడ్లు. చివరికి ఆ ముక్క కోసి తీసేసి, మిగిలిన రెండు కొసలూ కలిపి అతికారు. నాకు చేసినట్టు చిన్న రంధ్రాల్లోంచి చేసే కీహోల్ అయినా, పొట్ట తెరిచి చేసే ఓపెన్ అయినా తీసే ముక్క అదే, వేసే అతుకూ అదే. ఆ అతుకు మానాల్సిందీ లోపలే. తొలి వారం పది రోజుల్లో అది వదిలిందంటే జ్వరం, గుండె దడ, పొట్ట బిగుసుకోవడం మొదలవుతాయి. పైన ఎన్ని సెంటీమీటర్లు కోశారో అది అడగదు.

కీహోల్ వల్ల లాభం లేదా అంటే ఉంది, బోలెడు. నొప్పి తక్కువ. దగ్గితే ప్రాణం పోదు. త్వరగా లేచి తిరగొచ్చు, కొన్ని రోజులు ముందుగా ఇల్లు చేరొచ్చు. గాయానికి చీము పట్టడం తక్కువ, ఏళ్ళ తర్వాత కోసినచోట లోపలి పేగు హెర్నియాగా పొడుచుకురావడమూ తక్కువ. కాకపోతే పొట్టలో కార్బన్ డయాక్సైడ్ నింపి, ఉబ్బించి చేస్తారు. అందులో మిగిలింది పొట్టకీ ఛాతీకీ మధ్య ఉండే డయాఫ్రం అనే కండర పొర కింద చేరి సతాయిస్తే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. నేను భుజం పట్టుకుని మూలిగితే తమరేమన్నారు? "పొట్టకి ఆపరేషనైతే భుజం నొప్పేటి, యాక్షన్ కాకపోతే!"

ఆసుపత్రిలో మాత్రం ఎవరూ కోత కొలవలేదు. పొద్దునా సాయంత్రం ఒకటే ప్రశ్న: "గాలి పోయిందా?" కోత పడ్డాక పేగు కొన్నాళ్ళు అలిగి కదలదు. అది మళ్ళీ పనిలోకి దిగిందనడానికి ఆ చప్పుడే కబురు. కీహోల్ వాళ్ళకి ఈ కబురు కాస్త ముందొస్తుంది. నాకొచ్చినప్పుడు నర్సమ్మ, మా ఆవిడ, వార్డు బాయ్ ముగ్గురూ సంతోషించారు. మా వంశంలో ఇంకెవరి గాలికీ అంత గౌరవం దక్కలేదు. పరామర్శకొచ్చి అడగాల్సిన ప్రశ్న అసలు అదండీ. సిగ్గుపడకుండా అడగండి.

నా పక్క బెడ్డు ఆయనది పలాస దగ్గర ఉద్దానం. జబ్బు ఇదే, కానీ లోపల చీముగడ్డ, ఒక పేగు నుంచి ఇంకో పేగుకి దొంగదారి. పైగా పాత ఆపరేషన్ వల్ల లోపల పేగులు ఒకదానికొకటి అంటుకుపోయాయి. అందుకే ఆయనకి బొడ్డు పైనుంచి కిందిదాకా తెరిచారు. తమరి కోర్టులో ఆయన కేసు మొదటి వాయిదాకే గెలిచేసింది. కొబ్బరిబొండాలు, హార్లిక్స్ సీసాలు, బత్తాయిల సంచీ. "లేవకు బాబూ, కుట్లూడిపోతాయి" అని పడుకోబెట్టారట. ఫోన్లో ఆయనే చెప్పి ఏడవలేక నవ్వాడు. లేవాల్సిందే ఆయన! ఈ జబ్బున్నవాళ్ళకి మామూలుగానే కాళ్ళల్లో రక్తం గడ్డకట్టే భయం ఎక్కువ. ఆపరేషన్ తర్వాత అది ఇంకా పెరుగుతుంది. పడుకుంటే ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది. పొట్టకి దిండు అదుముకుని దగ్గాలి, వరండాలో నాలుగడుగులు వెయ్యాలి.

నడవాల్సినాయన్ని మంచానికి కట్టేశారు. నన్నేమో కళ్ళంలోకి తోలుతున్నారు. మా బావమరిది నిన్న "బావా, కోతేం లేదు కదా, బస్తాలెత్తడానికి ఓ చెయ్యి వెయ్యి" అన్నాడు. ధాన్యం బస్తా 80 కిలోలు. రంధ్రాలవాడైనా కనీసం నాలుగైదు వారాలు బరువులెత్తకూడదు. ఓపెన్ వాళ్ళకి ఇంకా ఎక్కువే.

అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవర్‌కి ఇదే జబ్బుతో పేగు అడ్డుపడితే 1956 జూన్‌లో ఆపరేషన్ చేశారు. కీహోల్ ఊసే లేని రోజులు, పొట్ట తెరిచే చేశారు. అదే ఏడు నవంబర్‌లో ఆయన ఎన్నిక గెలిచాడు. తమరు గానీ వాషింగ్టన్ వెళ్ళి ఉంటే, పాపం, ప్రచారానికి మంచం కూడా దిగనిచ్చేవారు కాదు.

ఇంకో సంగతి. "తీసేశారుగా, ఇంక పీడ పోయింది" అంటున్నారు. క్రోన్స్ అలా పోదు. చాలామందికి ఆ అతుకు దగ్గరే మళ్ళీ మొదలవుతుంది. కోత చిన్నదైనంత మాత్రాన అందులో రాయితీ లేదు. అందుకే ఆరు నెలల నుంచి ఏడాదిలోపు కెమెరా వేసి చూస్తారు. చిన్నపేగు చివర కోల్పోయినవాడు బీ12 విటమిన్ సంగతీ చూసుకోవాలి. మళ్ళీ రావడానికి దగ్గరి దారి పొగ. అత్తా, నిప్పు నోటి లోపల పెట్టుకున్నా పొగ బయటికే వస్తోంది, నా మంచం పక్కకే. వీధరుగు మీద కూర్చుని తాగు, అక్కణ్ణుంచే పలకరించు. వింటాను.

ఇక తమరిని రావద్దనడం లేదు. రాకపోతే అదో బాధ, జబ్బుకన్నా పెద్దది. వచ్చి ఓ పావుగంట కూర్చోండి. చోడి (రాగి) అంబలి పలచగా కాచి, వడకట్టి తెస్తే తాగుతాను. చొక్కా మాత్రం ఎత్తను. చూడాలని అంత ముచ్చటగా ఉంటే ఉద్దానం వెళ్ళండి. వెళ్ళినవాళ్ళు ఆయన్ని లేపి, చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నడిపించి రండి.

ఇట్లు,
తమ టేపుకి చాలని
విధేయుడు

తా.క.: తంపటి వేసి తెచ్చిన తేగలు అందాయి. పీచున్నవి నాకింకా కొన్ని వారాలు కుదరవు. అయినా వెనక్కి పంపడం లేదు, ఇంట్లో మిగతావాళ్ళ పేగులు దివ్యంగా ఉన్నాయి.