వింటున్న ముఖం: ఆసియా డ్రామాల్లో నటనకు కథ ఇచ్చే చోటు

2018లో కొరియాలోని టీవీఎన్ ఛానల్‌లో ప్రసారమైన ‘మై మిస్టర్’ 16 భాగాల డ్రామా. అందులో లీ జీయన్ అనే ఇరవై ఒక్కేళ్ల అమ్మాయి తాను తాత్కాలిక ఉద్యోగం చేస్తున్న కంపెనీలోని ఇంజినీరు పార్క్ దోంగ్‌హూన్ ఫోన్‌లోకి రహస్యంగా చొరబడి అతని మాటలు వింటూ ఉంటుంది. అప్పుల్లో కూరుకుపోయి, మాట్లాడలేని నాయనమ్మను ఒంటరిగా సాకుతున్న ఆ పిల్ల, డబ్బుకు ఆశపడి అతణ్ణి ఉద్యోగం నుంచి తప్పించే పన్నాగంలో భాగమవుతుంది. ఆధారాల కోసం మొదలైన ఆ వినడం క్రమంగా ఆమెకు ఇంకెక్కడా దొరకని సాంగత్యమైపోతుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, అవతల అతని అడుగుల చప్పుడు, బరువైన ఊపిరి, అన్నదమ్ములతో కలిసి తాగుతూ ఆడుకునే మాటలు. జీయన్‌గా నటించిన, ఐయూ పేరుతో గాయనిగా ప్రసిద్ధురాలైన లీ జీఉన్ ఈ సన్నివేశాల్లో దాదాపు ఏమీ చేయదు. కళ్లు ఒక చోట ఆగిపోతాయి, నడక కొంచెం నెమ్మదిస్తుంది, అంతే. అయినా ఆమె లోపల ఏదో కరుగుతోందని మనకు అనుమానం లేకుండా తెలుస్తుంది.

ఆసియా డ్రామాల నటన గురించి మాట్లాడేటప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చేది ఈ వింటున్న ముఖమే. డైలాగు చెప్పే నటుడిని మెచ్చుకోవడం మనకు బాగా అలవాటు. ఎదుటి మాట విని మారిపోయే నటుడిని గమనించడం అంత అలవాటు లేదు. పైగా అలాంటి నటన నటుల ప్రతిభ ఒక్కదానితో సాధ్యపడదు. వినడానికి తగినంత సమయాన్ని రచయిత కథలోనే కేటాయించాలి. ‘మై మిస్టర్’ రాసిన పార్క్ హేయంగ్, దర్శకుడు కిమ్ వన్‌సోక్ ఆ పని చేశారు. అందుకే కొరియాలో టీవీ, సినిమాలకు ఇచ్చే బేక్‌సాంగ్ పురస్కారాల్లో 2019లో ఉత్తమ డ్రామాతో పాటు ఉత్తమ రచన బహుమతి కూడా దానికి దక్కడం నాకు సబబుగా తోచింది.

దోంగ్‌హూన్‌గా లీ సన్‌క్యూన్ నటనది ఇంకో దారి. భవనాల భద్రతను పరీక్షించే ఇంజినీరు పాత్ర అది. కట్టడం నిలబడాలంటే బయటి నుంచి పడే బలాల కంటే లోపలి బలం ఎక్కువగా ఉండాలని, జీవితమూ అంతేనని అతను ఒకచోట అంటాడు. భార్య తనను మోసగిస్తోందని, అదీ తన పై అధికారితోనని తెలిసిన మనిషి ఇంట్లో, ఆఫీసులో, తమ్ముడి ముందు, తల్లి ముందు ఏమీ జరగనట్టు తిరగడాన్ని ఆ నటుడు వంగిన భుజాలతో, గొంతు అడుగు నుంచి వచ్చే మాటతో చూపించాడు. 2023 డిసెంబరులో ఆయన మరణించిన తర్వాత ఈ డ్రామాను మళ్లీ చూసినప్పుడు ఆ గొంతు వినడం నాకు చాలా కష్టమైంది.

ఈ డ్రామా మీద వచ్చిన విమర్శలను పక్కకు నెట్టలేం. అప్పులవాడు జీయన్‌ను కొట్టే తొలి సన్నివేశాలు అవసరానికి మించి క్రూరంగా ఉన్నాయన్న మాట నిజం. నడివయసు మగవాడికీ ఇరవై ఒక్కేళ్ల అమ్మాయికీ మధ్య అనుబంధం అనగానే చాలామంది అనుమానంగా చూశారు. కానీ కథ వారిని ప్రేమికులుగా మార్చే సులువైన దారి పట్టలేదు. ఆ నిగ్రహమే రచనకు అసలైన బలమని నా నమ్మకం.

ఇక్కడ భాష సంగతి కూడా చెప్పుకోవాలి. కొరియన్‌లో వయసును, చనువును బట్టి మాట తీరు మారుతుంది. గౌరవంగా మాట్లాడుతున్న ఇద్దరిలో ఒకరు ఉన్నట్టుండి చనువు మాటలోకి దిగితే అదే ఆ సన్నివేశానికి మలుపు. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లలో ఈ మలుపు చాలావరకు మాయమవుతుంది. ‘మీరు’ ఎప్పుడు ‘నువ్వు’ అయిందో చూసేవారికి తెలియదు. ‘మై మిస్టర్’ కొరియన్ పేరులోని ‘అజొషీ’ని మిస్టర్ అనే మాట అందుకోలేదు. బంధుత్వం లేని పెద్ద మగవాడిని మనం ‘బాబాయ్’ అని పిలిచినప్పటి ధ్వని అందులో ఉంది. తెలుగులో మీరు, నువ్వు ఉన్నాయి, అన్నయ్య, అక్క, పిన్ని, బాబాయ్ ఉన్నాయి. కొరియన్ డ్రామాలను తెలుగులోకి తెచ్చేవారు ఇంగ్లీషు పాఠం మీద కాకుండా మూలం మీద ఆధారపడితే, నటీనటులు గొంతులో చేసిన పనిని ఇంగ్లీషు కంటే మన భాషే నమ్మకంగా అందించగలదు.

2015లో మొదలైన ‘రిప్లై 1988’లో పుట్టినరోజు సన్నివేశం ఇప్పటికీ నా మనసులోంచి పోలేదు. అక్క పుట్టినరోజు కేకుతోనే తన పుట్టినరోజూ కానిచ్చేస్తున్నారని ఏళ్ల తరబడి దిగమింగుకున్న రెండో కూతురు దొక్‌సన్ ఒక రాత్రి బద్దలవుతుంది. తర్వాత తండ్రి విడిగా ఒక కేకు తెచ్చి, తనకూ నాన్నగా ఉండటం ఇదే మొదటిసారి అని, తెలియక చేసిన తప్పును క్షమించమని అడుగుతాడు. ఆ తండ్రి పాత్రలో సోంగ్ దోంగిల్ గొంతు గద్గదం కాదు. కొంచెం సిగ్గుపడుతున్నట్టు, మాట వెతుక్కుంటున్నట్టు ఉంటుంది. అది నటన అని తట్టడానికే నాకు కాసేపు పట్టింది.

అయితే కొరియన్ డ్రామాలన్నీ ఈ స్థాయిలో కథ చెబుతాయని నేను అనను. 2024 నాటి ‘క్వీన్ ఆఫ్ టియర్స్’ చివరి భాగం దేశవ్యాప్తంగా దాదాపు 25 శాతం రేటింగ్ తెచ్చుకుంది. పెళ్లయ్యాక ప్రేమ ఎండిపోయిన జంట ఒకరినొకరు మళ్లీ చూడటం నేర్చుకునే మొదటి సగంలో భార్యగా కిమ్ జీవన్ నటన ఎంతో పదునుగా ఉంది. రెండో సగంలో జ్ఞాపకశక్తి పోవడం, అపహరణ, తుపాకీ కాల్పులు వరుసగా వచ్చిపడ్డాయి. ఆ జంట మధ్య ఇంకా తేలని సమస్య ఉండగానే రచన దాన్ని వదిలి బయటి ప్రమాదాలను అరువు తెచ్చుకుంది. దోంగ్‌హూన్ చెప్పిన లెక్క ఇక్కడ తలకిందులైంది: లోపలి బలం సన్నగిల్లిన కథను బయటి దెబ్బలతో నిలబెట్టాలని చూశారు. అప్పుడు ఎంత మంచి నటి అయినా ఏడవడం తప్ప చేయగలిగింది ఉండదు. ఒకప్పుడు ప్రసారం సాగుతుండగానే స్క్రిప్టు రాస్తూ, చిత్రీకరణ రోజునే కాగితాలు నటుల చేతికిచ్చే పద్ధతి ఉండేది కాబట్టి ముగింపులు తేలిపోయేవని సర్దిచెప్పుకునేవాళ్లం. 2016లో ‘డిసెండెంట్స్ ఆఫ్ ది సన్’ ముందుగానే చిత్రీకరణ ముగించుకుని ప్రసారానికి వచ్చింది. ఆ పద్ధతి పెరిగాక కూడా లోపం పోలేదు. కాబట్టి తొందరపాటును ఒక్కదాన్నే నిందించి లాభం లేదు.

చైనా డ్రామాల్లో నాకున్న ఇబ్బంది గొంతుతోనే. చారిత్రక కథల్లో చాలాకాలంగా తెర మీద నటుడు ఒకరు, గొంతు మరొకరిది. ముఖం ఒక తాళంలో, మాట మరో తాళంలో నడిచినప్పుడు మంచి నటుడు కూడా సగమే మిగులుతాడు. 2023లో వచ్చిన ‘ది లాంగ్ సీజన్’ 12 భాగాల్లో ఆ వెలితిని పూర్తిగా తీర్చింది. ఈశాన్య చైనాలోని ఒక ఉక్కు కర్మాగారపు ఊరు, 1990ల చివర్లో ఉద్యోగాల తొలగింపు, కొడుకును పోగొట్టుకున్న ఒకప్పటి రైలింజను డ్రైవరు. ఆ పాత్ర చేసిన ఫాన్ వేయ్ ఈశాన్యం వాడే కావడంతో అక్కడి యాస ఆయన నోట సహజంగా పలుకుతుంది. కర్మాగారంలో గర్వంగా నడిచిన మనిషే పద్దెనిమిదేళ్ల తర్వాత టాక్సీ తోలుకుంటూ తిరగడాన్ని ఆయన నడకలోనే చూడవచ్చు.

మన తెలుగు సీరియళ్లలో సమర్థులైన నటీనటులు లేరని నేను అనుకోను. ‘కార్తీకదీపం’ 1,500 భాగాలు దాటి సాగింది. దీపగా ప్రేమి విశ్వనాథ్‌ను తెలుగు ఇళ్లు సొంత మనిషిలా చూసుకున్నాయి. కానీ ముగింపు తెలియని కథలో నటి ఈ రోజు పడే బాధను రేపటికి, ఎల్లుండికి సాగదీయాలి. ఒక మాట విని ఆ పాత్ర నిజంగా మారిపోతే కథే ఆగిపోతుంది.

‘మై మిస్టర్’ చివర్లో జీయన్, దోంగ్‌హూన్ చాలాకాలం తర్వాత అనుకోకుండా ఎదురుపడి, చేతులు కలిపి, మళ్లీ ఎవరి దారిన వారు నడుస్తారు. ఆమె పేరుకు నెమ్మదిని చేరుకోవడమని అర్థం. జీయన్, నెమ్మదిని చేరుకున్నావా అని అతను మనసులోనే అడుగుతాడు. పెదవి కదలదు, ఇయర్‌ఫోన్లూ లేవు. ఆమె అవునని మనసులోనే జవాబిస్తుంది.