కొండ మీద కనపడితే కొండలోనే పుట్టినట్టా? ‘నాటు గంజాయి’ పోస్టుకు జవాబు

కొన్ని నెలలుగా ఒక పోస్టు తెలుగు గ్రూపుల్లో తిరుగుతోంది. గ్రూపు మారినప్పుడల్లా నాలుగు మాటలు మారుతున్నా సారాంశం ఇదీ: “గంజాయి పుట్టిల్లు హిందూకుష్, హిమాలయాలు. ఇండికా అన్న పేరే దానికి సాక్ష్యం. కొండ ఎత్తుల్లో కల్తీ లేని అసలు రకాలు ఇంకా ఉన్నాయి. వాటిని వెతికి, విత్తనం తెచ్చి పెంచితే దేశవాళీ సంపదను కాపాడినట్టే. మన మన్యంలో పండే శీలావతి రకం కూడా అలాంటిదే, గిరిజనులకు తరతరాల వారసత్వం. వేదాల్లో కూడా ఉంది.”

దీన్ని షేర్ చేస్తున్నవాళ్ళలో దేశవాళీ వరి, చిరుధాన్యాల విత్తనాల కోసం నిజంగా కష్టపడేవాళ్ళున్నారు. అందుకే ఊరుకోలేకపోయాను. నాటు విత్తనం అన్న మాటకు ఒక గౌరవం ఉంది. దాన్ని ఇలా ఎక్కడపడితే అక్కడ అంటించేస్తే, రేపు అసలు నాటు విత్తనం గురించి మాట్లాడినా ఎవరూ నమ్మరు. పోస్టులోని మాటలను ఒక్కొక్కటే చూద్దాం.

“పుట్టిల్లు హిందూకుష్, హిమాలయాలు”

ఇందులో మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. ఆ మొక్క జాతి ఎక్కడ పుట్టింది, మనిషి దాన్ని ఎక్కడ సాగులోకి తెచ్చాడు, ఇప్పుడు ఎక్కడ కనపడుతోంది. మూడోదానికి జవాబు దొరికితే మొదటి రెండూ తేలిపోయాయని పోస్టు రాసినవారు అనుకున్నారు.

మొదటి ప్రశ్నకు 2019లో మెక్‌పార్ట్‌లాండ్ అనే శాస్త్రవేత్త బృందం పాత పుప్పొడి ఆధారంగా జవాబు వెతికింది. గంజాయికి దగ్గరి చుట్టం హాప్స్, అంటే బీరులో వేసే తీగ. ఈ రెండింటి పుప్పొడి చూడటానికి దాదాపు ఒకేలా ఉంటుంది. అందుకని వాళ్ళు ఆ పుప్పొడితో పాటు మట్టి పొరల్లో ఇంకేమేం దొరికాయో చూశారు. మాచిపత్రి జాతి మొక్కలు, గడ్డి ఉన్న బయలు నేలైతే గంజాయి అని, అడవి చెట్లు ఉంటే హాప్స్ అని లెక్క వేశారు. ఆ లెక్క టిబెట్ పీఠభూమి ఈశాన్య మూలను, చైనాలోని చింగ్‌హై సరస్సు ప్రాంతాన్ని చూపించింది. గంజాయి, హాప్స్ విడిపోయింది సుమారు 2.8 కోట్ల ఏళ్ళ కిందట అని వాళ్ళ అంచనా. ఎత్తయిన నేలే, కాదనను. కానీ అది హిందూకుష్ కాదు, కులూ కాదు, అరకు అసలే కాదు.

రెండో ప్రశ్నకు 2021లో జన్యువుల నుంచి జవాబు వచ్చింది. ప్రపంచంలో పలుచోట్ల సేకరించిన 110 మొక్కల పూర్తి జన్యుపటాలను పోల్చి చూస్తే, సాగు మొదలైంది సుమారు 12,000 ఏళ్ళ కిందట, తూర్పు ఆసియాలో అని తేలింది. నార రకాలు, మత్తు రకాలు రెండు దారులు పట్టింది ఆ తర్వాత ఎప్పుడో, దాదాపు 4,000 ఏళ్ళ కిందట. మన దేశంలో, పాకిస్తాన్‌లో పిచ్చిగా పెరిగే మొక్కలు ఎవరూ ముట్టని ఆదిమ రకానికి దగ్గరగా లేవు. అవి ఒకప్పుడు సాగులో ఉన్న మత్తు రకాల కుటుంబంలోకే వచ్చాయి. అంటే అవి పొలం దాటి బయటపడ్డ మొక్కలు. ఈ అధ్యయనం చేసినవారే ఇంకో మాట కూడా అన్నారు: మనిషి చెయ్యి పడకముందున్న అసలు అడవి రకం బహుశా అంతరించిపోయింది. కొండలెక్కి వెతికేవాళ్ళు ముందుగా తెలుసుకోవాల్సిన సంగతి ఇదే.

“అడవిలో దానంతట అదే పెరుగుతోంది కదా”

ఉత్తరాఖండ్‌లోనో హిమాచల్‌లోనో రోడ్డు పక్కన గుబురుగా పెరిగిన గంజాయిని చూసినవాళ్ళందరూ ఈ మాటే అంటారు. ఒక్కసారి ఆ మొక్క కాళ్ళ కింద చూడండి. పశువుల పాక వెనక, పేడ కుప్ప అంచున, విరిగిపడ్డ రోడ్డు గట్టున, మనుషులు ఉండి వెళ్ళిపోయిన పాడుబడ్డ చోట్ల అది దట్టంగా ఉంటుంది. మనిషి, పశువు తిరగని దట్టమైన అడవిలోకి పోతే కనపడదు. దానికి ఎండ కావాలి, ఎరువు ఎక్కువున్న కదిలిన నేల కావాలి. ఆ రెండూ మనిషి ఉన్నచోటే ఎక్కువ. వంద ఏళ్ళ కిందటే రష్యన్ శాస్త్రవేత్త వావిలోవ్ ఈ సంగతి గమనించాడు. సంచార జాతుల విడిదుల వెంబడి, చెత్త పోసే చోట్ల ఈ మొక్క తానే మొలిచి, మనిషి వెంటే తిరిగి, చివరికి పంటగా మారిందని ఆయన వివరించాడు. 1924లో అఫ్ఘానిస్తాన్ వెళ్ళి అక్కడి అడవి రకాలను కూడా చూసి వచ్చాడు.

విత్తనం చేతిలోకి తీసుకుంటే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అడవి గుణం ఉన్న మొక్క గింజ చిన్నది. పైన పాలరాతి మీద ఉండేలాంటి మచ్చల పొర, అడుగున కాడలా కాస్త సాగిన మొన ఉంటాయి. పండగానే రాలిపోతుంది. ఆ మొనలోని కొవ్వు కోసం ఒక రకం ఎర్ర పురుగులు గింజలను లాక్కుపోవడం కూడా వావిలోవ్ చూశాడు. సాగు రకం గింజ పెద్దది, నున్నగా ఉంటుంది, కోసేదాకా కంకిని వదలదు. ఇబ్బంది ఎక్కడంటే, సాగు మొక్క పొలం దాటి బయటపడితే కొన్ని తరాల్లోనే మళ్ళీ చిన్న గింజ, రాలే గుణం తెచ్చుకుంటుంది. కాబట్టి గింజ చూసి “ఇది అడవిదే” అనొచ్చు గానీ “ఇది ఎప్పుడూ అడవిదే” అనలేం.

“కల్తీ లేని రకాలు కొండల్లో దాగి ఉన్నాయి”

గంజాయిలో ఆడ మొక్క, మగ మొక్క వేరు. పుప్పొడిని మోసేది గాలి. మొరాకోలో సాగయ్యే గంజాయి పుప్పొడి మధ్యధరా సముద్రం దాటి స్పెయిన్‌లోని మాలగా దగ్గర గాలిలో దొరికింది. సముద్రమే ఆపలేని పుప్పొడిని లోయ ఆపుతుందా? పక్క లోయలో ఎవరో కొత్త విత్తనం వేస్తే, ఈ లోయలోని పాత రకం మారడానికి ఒక్క పూత కాలం చాలు.

ఆ కొత్త విత్తనాలు ఎప్పుడో వచ్చేశాయి. 1960లు, 70లలో యూరప్ నుంచి అఫ్ఘానిస్తాన్, నేపాల్ మీదుగా మన దేశానికి వచ్చిన హిప్పీలు ఇక్కడి విత్తనాలు పట్టుకుపోయారు. కాలిఫోర్నియాలో, నెదర్లాండ్స్‌లో వాటిని కలిపి సంకరాలు చేశారు. ఆ సంకర విత్తనం తిరిగి కొండలకే చేరింది. హిమాచల్‌లో పార్వతీ లోయ పక్కనున్న మలాణా ఊరి గురించి పోస్టులో గొప్పగా రాశారు. అక్కడికి విదేశీ విత్తనం చేరిందని విలేకరులు ఎన్నోసార్లు రాశారు. పాత స్థానిక రకాలు తగ్గిపోతున్నాయన్న ఆందోళన నిజమైనదే, ఆ విషయంలో నేను పోస్టు రాసినవారి పక్షమే. కానీ ఆ నష్టంలో ‘అసలు రకం’ కోసం వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళ వాటా కూడా ఉంది.

“ఇండికా అంటేనే ఇండియా కొండ రకం”

1785లో ఫ్రెంచి శాస్త్రవేత్త లమార్క్ ఆ పేరు పెట్టింది సొన్నెరా అనే యాత్రికుడు ఇండియా నుంచి పంపిన నమూనాలు చూసి. అవి సన్నటి ఆకుల మొక్కలు. ఇప్పుడు ఇండికా పేరుతో చూపించే పొట్టి, వెడల్పాకు అఫ్ఘాన్ మొక్క అది కాదు. ఇక అమ్మకాల్లో వాడే ఇండికా, సటైవా ముద్రలను 2015లో జన్యువులతో పోల్చి చూశారు. నూటికి నూరు శాతం సటైవా అని చెప్పిన జమైకా రకం ఒకటి, నూటికి నూరు శాతం ఇండికా అన్న అఫ్ఘాన్ రకంతో దాదాపు ఒకేలా ఉంది. ఆ ముద్రను పట్టుకుని పుట్టిన ఊరు చెప్పడం అయ్యే పని కాదు.

“ఎత్తు పెరిగేకొద్దీ మత్తు, అందుకే కొండదే అసలుది”

దీనికి జవాబు మన తెలుగు నేల మీదే ఉంది. 1893-94లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన హెంప్ డ్రగ్స్ కమిషన్ దేశమంతా తిరిగి గంజాయి ఎక్కడెక్కడ పండుతోందో రాసింది. మద్రాసు ప్రెసిడెన్సీలో చెప్పుకోదగ్గ సాగు రెండు చోట్ల ఉందని అందులో ఉంది. ఒకటి ఉత్తర ఆర్కాటులోని జవ్వాది కొండలు. రెండోది అప్పటి కృష్ణా జిల్లా, బాపట్ల తాలూకా, దగ్గుపాడు. బాపట్ల వైపు వెళ్ళినవారికి ఆ నేల ఎలాంటిదో తెలుసు. సముద్రానికి దగ్గరి మైదానం. కొండ అన్నది కనుచూపు మేరలో ఉండదు. బెంగాల్‌లో అన్నిటికన్నా పేరున్న గంజాయి పండింది నౌగావ్‌లో. ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న ఆ ఊరు కూడా మైదానమే. అక్కడ ‘గంజా డాక్టర్లు’ అనే నిపుణులు సాలు సాలూ తిరిగి మగ మొక్కలను ఏరేసేవారని కమిషన్ రాసింది. మత్తును పెంచింది మనిషి ఎంపిక, మనిషి పని. ఎత్తు కాదు.

పామీర్ కొండల్లో, చైనా అంచున, 2,500 ఏళ్ళ నాటి సమాధుల్లో చెక్క కుంపట్లు దొరికిన మాట నిజమే. వేడి రాళ్ళ మీద గంజాయి కాల్చిన గుర్తులు వాటిలో ఉన్నాయి, అదీ మత్తు ఎక్కువున్న రకం. 2019లో ఆ వార్త వచ్చాక కొండ కథకు బలం వచ్చింది. కానీ ఆ కుంపట్లు చెప్పేది ఎక్కడ వాడారన్నదే.

వేదాల మాట రెండు ముక్కల్లో ముగిస్తాను. అథర్వవేదంలో ‘భంగ’ అన్న పేరుంది, అది ఈ మొక్కేనా అన్న చర్చ పండితుల్లో ఉంది. ఈ మొక్కే అనుకున్నా, ఒక గ్రంథంలో పేరు ఉండటం పరిచయానికి సాక్ష్యం, పుట్టుకకు కాదు. గుంటూరు మిర్చి లేని తెలుగు వంటిల్లు లేదు, మిరప పుట్టింది మాత్రం అమెరికా ఖండంలో.

“పెంచితే కాపాడినట్టే”

మాదకద్రవ్యాలను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం, 1985 ప్రకారం అనుమతి లేకుండా గంజాయి మొక్క పెంచడం నేరం. ఇన్ని మొక్కల దాకా ఫరవాలేదన్న మినహాయింపు లేదు. పదేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. పరిశోధన కావాలంటే దారి ఉంది. జమ్మూలోని సీఎస్ఐఆర్ పరిశోధన సంస్థ అనుమతితోనే ఈ మొక్క మీద పని చేస్తోంది. ఉత్తరాఖండ్ 2018 నుంచి నార రకాల సాగుకు లైసెన్సులు ఇచ్చింది. పోస్టు చెబుతున్నది ఆ దారి కాదు, మేడ మీద రెండు కుండీలు. చట్టం సంగతి అలా ఉంచినా అది విత్తన రక్షణ కాదు. గాలితో సంకరమయ్యే మొక్కను నాలుగు మొక్కలతో తరం తరం పెంచితే ఆ రకంలోని వైవిధ్యం కొన్నేళ్ళలోనే కరిగిపోతుంది. ఏ పొలం, ఏ లోయ, ఏ ఏడు అన్న వివరం లేని గింజ విత్తన బ్యాంకుకు కూడా పనికిరాదు.

“శీలావతి గిరిజనుల వారసత్వం”

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది ఈ మాట.

మన్యంలో ఏది వారసత్వ పంటో తెలుసుకోవడం కష్టం కాదు. దానికి కొత్త పండగ ఉంటుంది. కొర్ర కొత్త, చిక్కుడు కొత్త, మామిడి కొత్త. ఊరి దేవతకు పెట్టకుండా ఆ ఏటి పంట నోట పెట్టరు. పోడులో సామ, చోడి, కంది, వలిసెలు కలిపి చల్లే పద్ధతి ఉంది, ఆ విత్తనం బూడిద కలిపి దాచే పద్ధతి ఉంది. గంజాయికి కొత్త పెట్టే ఊరు నాకు ఎక్కడా కనపడలేదు. పెరట్లో ఒకటో రెండో మొక్కలు మందు కోసం ఉండేవంటే నమ్ముతాను. పెరటి మొక్క వేరు, ఎకరాల పంట వేరు.

ఆ ఎకరాల పంటకు విత్తనం, అడ్వాన్సు, ఎరువు, లారీ అన్నీ ఘాటు దిగువ నుంచి, పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చే వ్యాపారులవేనని పోలీసులు ఏళ్ళ తరబడి చెబుతున్నారు. 2021లో మొదలైన ఆపరేషన్ పరివర్తన్‌లో విశాఖ ఏజెన్సీలోని 11 మండలాల్లో 7,500 ఎకరాలకు పైగా తోటలను నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో దాదాపు 2 లక్షల కిలోల సరుకు తగలబెట్టారు. తరతరాలుగా ఇంటి వాడకానికి పెంచుకునే పంట ఇంత ఉండదు. ఇది దూరపు నగరాల గిరాకీ కోసం వేసిన పంట. పసుపుకు, రాజ్‌మాకు గిట్టుబాటు ధర లేక, రోడ్డు లేక, అప్పు పుట్టక ఆ అడ్వాన్సు తీసుకున్న రైతును ‘సంప్రదాయ సాగుదారు’ అని పొగిడితే, అతన్ని ఆ పరిస్థితిలోకి నెట్టిన కారణాలన్నీ కనపడకుండా పోతాయి. డబ్బు పెట్టినవాడి పేరు కూడా.

కేసు పడ్డాక జరిగేది ఇదీ. గంజాయి 20 కిలోలు దాటితే చట్టం దాన్ని వాణిజ్య పరిమాణంగా లెక్కిస్తుంది. శిక్ష పదేళ్ళ నుంచి ఇరవై ఏళ్ళు. బెయిలు కావాలంటే, ఇతను నేరం చేయలేదని నమ్మడానికి కారణాలున్నాయని, బయటికొచ్చాక మళ్ళీ చేయడని జడ్జికి అనిపించాలి. ఇరవై కిలోలంటే కొండ దారిలో ఒక కుర్రాడు కావడి మీద ఒక పక్కకు కట్టుకునే బరువు. కూలి డబ్బుల కోసం మోసినవాడు దొరుకుతాడు, సరుకు కొన్నవాడు వందల మైళ్ళ దూరంలో ఉంటాడు. అప్పుడు కోర్టులో ఇది మా తాతల పంట అని చెప్పినా ఆ సెక్షన్‌లో దానికి చోటు లేదు.